పాట ఆగినచోట

సంగీతకారుడికి పాట రాకుండా పోవడం మూడు రకాలుగా ఉంటుంది. బాణీ కట్టేవాళ్లకు కొత్త వరుస తట్టదు, తట్టిన ప్రతిదీ ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది. పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ రాగం గొంతులోనో వేళ్లలోనో ఉన్నా అవే సంగతులు, అవే ముక్తాయింపులు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మూడోది వీటికంటే మొండిది. పల్లవి చక్కగా కుదురుతుంది, చరణం దగ్గరికొచ్చేసరికి పని ఒక్క అడుగు ముందుకు పడదు. ‘పాట రావట్లేదు’ అనే ఒక్క మాటే మూడింటికీ వాడుతుంటారు గానీ మందు మాత్రం మూడింటికీ ఒకటి కాదు.

కామారెడ్డి జిల్లాకు పడమటి అంచున, మహారాష్ట్రను ఆనుకుని ఉన్న మద్నూర్ లాంటి ఊళ్లలో ఈ ఇబ్బందికి క్యాలెండర్ తోడవుతుంది. ఇక్కడ హార్మోనియం పెట్టె ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమందికి సంగీతం పూర్తికాలపు వృత్తి కాదు. పొద్దంతా పత్తి చేనో, దుకాణమో, బడో చూసుకుని రాత్రి భజనకు కూర్చునేవాళ్లే ఎక్కువ. అయినా వినాయక చవితికి కొత్త పాట కావాలి, బతుకమ్మకు కావాలి, సప్తాహానికి కావాలి. యూట్యూబ్‌లో జానపదాల ఊపు పెరిగాక పండుగ ముందే పాట బయటికి రావాలన్న తొందర ఒకటి వచ్చి చేరింది. గడువు దగ్గరపడ్డప్పుడే పాట ఆగుతుంది. అలా అని గడువే శత్రువనుకోవడం పొరపాటు. గడువు రాయించిన పాటలూ తెలుగులో తక్కువేం లేవు. ఆ సంగతి తర్వాత.

లోపలి తీర్పరి

పాట ఆగడానికి ఎక్కువసార్లు కారణం సరుకు లేకపోవడం కాదు, తీర్పు ముందే వచ్చేయడం. వరుస పూర్తిగా పుట్టకముందే ‘ఇది బాగాలేదు’ అని మనసు కొట్టిపడేస్తుంది. నాలుగు స్వరాలు కూడా బతకవు. దీన్ని ప్రయోగశాలలో చూసినవాళ్లున్నారు. అమెరికాలో చార్లెస్ లిమ్, అలెన్ బ్రౌన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆరుగురు జాజ్ పియానో కళాకారులను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, లోహం లేని చిన్న కీబోర్డు మీద వాయించమన్నారు. బట్టీపట్టిన ముక్క వాయించినప్పుడు, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడు మెదడు పనితీరు వేరుగా ఉంది. కల్పించి వాయిస్తున్నంతసేపూ తనను తాను గమనించుకుని సరిదిద్దుకునే పనికి సంబంధించిన ముందరి మెదడు భాగాల్లో చురుకు తగ్గింది. తన గురించి తాను చెప్పుకునే పనితో ముడిపడిన మధ్య భాగంలో పెరిగింది. ఆరుగురితో చేసిన పరిశోధన మీద సిద్ధాంతాలు కట్టేయకూడదు. అయినా కచేరీల్లో కల్పనస్వరం పాడేవాళ్లు దీన్ని కొట్టిపారేయరు. పాడుతూ పాడుతూ ‘ఇప్పుడు నేనెలా వినిపిస్తున్నాను’ అనుకున్న క్షణానే లెక్క తప్పుతుందని వాళ్లకు అనుభవమే.

ఆ తీర్పరి బయటినుంచి వచ్చి లోపల తిష్ఠ వేసుకున్న ఉదాహరణ రష్యా స్వరకర్త సెర్గెయ్ రఖ్మానినోవ్‌ది. 1897లో ఆయన మొదటి సింఫనీ తొలి ప్రదర్శన ఘోరంగా విఫలమైంది. విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ తర్వాత మూడేళ్ల దాకా చెప్పుకోదగ్గ రచన ఏదీ సాగలేదు. 1900లో నికొలాయ్ డాల్ అనే వైద్యుడు సమ్మోహన పద్ధతిలో చికిత్స చేశాడు. 1901లో రెండో పియానో కంచెర్టో పూర్తయింది. రఖ్మానినోవ్ దాన్ని ఆ వైద్యుడికే అంకితమిచ్చాడు. గమనించవలసిందేమిటంటే ఆ మూడేళ్లూ ఆయన సంగీతం మానేయలేదు. ఒపేరాలకు సారథ్యం వహించాడు. రాయడం ఆగింది, చెయ్యి ఆగలేదు.

వంత ఎందుకు పెట్టారు?

తెలుగు పాటకు ఈ జబ్బు కొత్తది కాదు. అందుకే పాత ప్రదర్శన రూపాల్లో దాని విరుగుడు ముందే అమర్చి ఉంది. బుర్రకథ చూడండి. తంబుర పట్టిన కథకుడు మధ్యలో, డక్కీలతో ఇద్దరు వంతలు అటూ ఇటూ. కథకుడు ఒక పాదం అనగానే వంతలు అందుకుంటారు. శ్రోతకు అది ఊపు. కథకుడికి మాత్రం అది ఊపిరి. ఆ రెండు మూడు సెకన్లలో తర్వాతి పాదం అల్లుకోవాలి. ఒకవేళ అల్లిక కుదరకపోతే హాస్యం చెప్పే వంతగాడు మధ్యలో ఒక ప్రశ్న వేస్తాడు, కథకుడు బదులు చెబుతూ దారి వెతుక్కుంటాడు. ఒగ్గుకథలోనూ డోలు, తాళం, వంతపాట చేసే పని చాలావరకు ఇదే.

బతుకమ్మ పాటలో ఈ అమరిక ఇంకా సూక్ష్మం. అరపాదం అయ్యీ అవకముందే ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో ‘కోల్’ అనో ముక్తాయింపు పడుతుంది. ముందు పాడే ఆమె అన్న చరణాన్ని చుట్టూ తిరిగేవాళ్లు మళ్లీ అంటారు. అంటే ప్రతి చరణానికీ ఆమెకు పాడిన కాలానికి సమానమైన కాలం చేతిలో మిగులుతుంది. చప్పట్లు, అడుగులు లయను మోస్తుంటాయి కనుక ఆమె మోయాల్సింది మాట ఒక్కటే. ఊళ్లో ఆ ఏడాది జరిగిన సంగతి అప్పటికప్పుడు పాటలోకి ఎక్కడం ఈ వెసులుబాటు వల్లే. ఒంటరిగా గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాట కట్టే కుర్రాడికి లేనిది సరిగ్గా ఇదే. అతడికి వంత లేదు. పాట ఆగితే చేయవలసిన మొదటి పని ఇంకా గట్టిగా ఆలోచించడం కాదు, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకోవడం. తాళం వేసేవాడైనా చాలు.

శాస్త్రీయ సంగీతంలో ఇదే కిటుకు నెరవల్ రూపంలో ఉంది. కృతిలోని ఒక్క పాదాన్ని తీసుకుని, దాని మాటలు తాళంలో ఎక్కడ పడాలో అక్కడే పడేలా చూసుకుంటూ, స్వరాన్ని మాత్రం మార్చి మార్చి పాడతారు. మాట కదలదు, తాళం కదలదు, రాగం గీత దాటదు. కదిలేది ఒక్క సంచారమే. అన్నీ ఒకేసారి కొత్తవి కావాలనుకునేవాడికి ఏదీ రాదు. మూడింటిని కట్టేసి ఒకదాన్ని వదిలితే అది పరుగెత్తుతుంది.

నాలుగు స్వరాల రాగం

ఈ కట్టుబాటును చివరికంటా తీసుకెళ్లినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930 జూలై 6న తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన ఆయన కుర్రతనంలోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. అన్ని మేళకర్తలూ ముట్టినవాడికి ఇక కొత్తదనం ఎక్కడ దొరకాలి? ఆయన స్వరాలు పెంచలేదు, తగ్గించుకుంటూ పోయారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్నది వాడుక. ఆయన నాలుగింటితో మహతి, లవంగి, సుముఖం కట్టారు. మూడింటితో సర్వశ్రీ కట్టారు. నాలుగు స్వరాలతో అది రాగమవుతుందా అని వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ 1980లలో పెద్ద వివాదమే లేవదీశారు. శాస్త్రం సంగతి పండితులు తేల్చుకోనీ, సాధన చేసేవాడికి అందులో పనికొచ్చే పాఠం ఉంది.

మహతి స్వరాలు షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. హార్మోనియం మీద సప్తకంలోని మొదటి తెల్ల మెట్టును ‘స’ పెట్టుకుంటే మూడు తెల్లవి, ఒక నల్లది. అంతే, మిగతా ఎనిమిదింటిని ముట్టుకోకూడదు. ఈ నాలుగు మెట్ల మీద పావుగంట వాయించి చూస్తే మొదట అయిదు నిమిషాల్లో తెలిసిన పదబంధాలన్నీ అయిపోతాయి. వేళ్లు అలవాటుగా మధ్యమం వైపో రిషభం వైపో పోతాయి, అక్కడ తలుపు మూసి ఉంటుంది. ఆ తర్వాత మనసు స్వరాన్ని వదిలి మిగతావాటిని వెతకడం మొదలెడుతుంది. ఎంతసేపు ఆగాలి, ఎక్కడ గమకం ఇవ్వాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి, తాళంలో ఎత్తుగడ ఎక్కడ వేయాలి? కొత్త పాట చాలాసార్లు స్వరంలో కాక వీటిలో దాగి ఉంటుంది.

ఇప్పటి ఫోన్‌లో వందల వాయిద్యాల శబ్దాలు, వేల లూపులు ఉచితంగా దొరుకుతున్నాయి. శబ్దం ఎంచుకోవడంలోనే సాయంత్రం గడిచిపోతుంది. ఆల్బమ్‌ల నిర్మాత బ్రయాన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ 1975లో ఒక చీట్ల పెట్టె తయారుచేశారు. స్టూడియోలో పని ఆగినప్పుడల్లా ఒక చీటీ తీయాలి, అందులో ఉన్న షరతును పాటించాలి. పేకముక్కల్లాంటి ఆ పెట్టెకు ప్రపంచమంతా పేరొచ్చింది. మనవాళ్లకు పేకముక్కలు అక్కర్లేదు, సమస్యాపూరణం, నిషిద్ధాక్షరి ఉన్న భాష ఇది. ‘ఈ పాటలో పంచమం తగలకూడదు’ అని ఒక స్నేహితుడు పందెం కడితే చాలు.

రోజుకొకటి, నలభై రోజుల్లో పదిహేను వందలు

తాళ్లపాక అన్నమయ్య 16వ ఏట, అంటే 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా సంకీర్తనలు చెబుతూనే ఉన్నాడు. మొత్తం 32 వేలని సంప్రదాయం లెక్క. రోజుకు ఒకటికి తగ్గకుండా అన్నమాట. రాగిరేకుల్లో దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవన్నీ ఒకే ఎత్తున ఉండవు కూడా. పల్లవి అద్భుతంగా లేచి చరణంలో చల్లబడినవి ఉన్నాయి, ఒకే భావాన్ని పదిసార్లు తిప్పినవి ఉన్నాయి. అది లోపం కాదు, పద్ధతి. ఇవాళ్టి పాట ఇవాళ దేవుడికి అప్పజెప్పేస్తే బాగుందా లేదా అన్న విచారం రేపటికి మిగలదు. గొప్ప సంకీర్తన ఎప్పుడు దిగుతుందో తెలియదు కాబట్టి రోజూ కూర్చోవడమే ఉపాయం.

మొవ్వ క్షేత్రయ్యది మరో దారి. గోల్కొండ పాదుషా కొలువులో నలభై రోజుల్లో పదిహేను వందల పదాలు చెప్పినట్టు ఆయన తన మేరువ పదంలోనే లెక్క రాసుకున్నాడు. అంటే రోజుకు ముప్ఫై ఏడుకు పైనే! అతిశయోక్తి కొంత తీసేసినా, గడువు ఒత్తిడిలో కుంగకుండా లేచే మనసు ఒకటుంటుందని ఆ లెక్క చెబుతుంది. ఆయన గురించే ఇంకో కథ ఉంది. తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువు కవులకు ఒక పదం అసంపూర్తిగా ఇచ్చి, పూర్తిచేయమని చెప్పి తీర్థయాత్రకు వెళ్లాడట. తిరిగి వచ్చేదాకా ఎవరివల్లా కాలేదట. చివరికి ఆయనే పూరించాడట. కథ నిజమో కాదో గానీ మూడో రకం ఇబ్బందికి, అంటే సగం పాట దగ్గర ఆగిపోవడానికి, తెలుగులో ఇంతకంటే మంచి బొమ్మ లేదు. పాట మొదటి సగంలో ఒక ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్న అర్థమైనవాడే రెండో సగం రాయగలడు. చరణం రాకపోతే చరణాన్ని వేధించి లాభం లేదు, పల్లవి దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

సినిమా పాటలోనూ చివరి ముక్కే ఏడిపిస్తుంది. కీరవాణి స్వరపరచిన ‘నాటు నాటు’లో తొంభై శాతం ఒక్క పూటలో రాసేశానని, మిగిలిన పది శాతానికి ఏడాది ఏడు నెలలు పట్టిందని చంద్రబోస్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పంతొమ్మిది నెలలూ పాట ఆగిపోయిందనాలా, ముదురుతోందనాలా? ముదురుతోందనడమే న్యాయం. పని పక్కన పెట్టి వేరే పనిలో పడితే చిక్కుముడి విడుతుందా అన్నదాని మీద జరిగిన 117 అధ్యయనాలను సియో, ఆర్మరాడ్ 2009లో కలిపి చూశారు. విడుతుందనే తేలింది. అయితే ముందు ఎక్కువసేపు తలపడి ఉంటే విరామం ఇంకా బాగా పనిచేస్తుంది. అసలు కూర్చోకుండా ‘మూడ్ రావాలి’ అని తిరిగేవాడికి ఈ లెక్క వర్తించదు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కూర్చున్నవాళ్లకంటే నడుస్తున్నవాళ్లకు కొత్త ఊహలు ఎక్కువ వస్తున్నాయని చూపించారు. చేను గట్టున నడుస్తూ కూనిరాగం తీసేవాళ్లకు స్టాన్‌ఫర్డ్ సర్టిఫికెట్ అవసరం పడలేదనుకోండి.

సరిహద్దు ఇచ్చే సరుకు

మద్నూర్ సంగీతకారుడికి హైదరాబాద్ స్టూడియో సౌకర్యాలు లేకపోవచ్చు. మరొకటి ఉంది. పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 నవంబరు 1 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో గీత గీశారు గానీ పాట ఆ గీత దగ్గర ఆగలేదు. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ రోజూ చెవిన పడే చోటు ఇది. అఖండ హరినామ సప్తాహంలో తాళాలు, పఖావజ్ మధ్య అభంగం నడుస్తుంది. తండాలో లంబాడీ పాట వేరే నడకలో ఉంటుంది. దర్గా దగ్గర ఖవ్వాలీ మరో తీరు. ఒక భాషలో ఆగిన పాటను ఇంకో భాష నడకలో పెట్టి చూడటం ఇక్కడ ఎవరికైనా అందే ఉపాయం.

ఉదాహరణకు మరాఠీ పెద్ద అభంగం కొలత. నాలుగు ముక్కలు, మొదటి మూడింటికి ఆరేసి అక్షరాలు, చివరిదానికి నాలుగు. రెండో ముక్క, మూడో ముక్క ప్రాసతో ముగియాలి. తెలుగులో దాన్ని ఇలా నింపవచ్చు: ‘మంజీర గట్టున, పత్తికాయ విచ్చె, వెన్నెలంత తెచ్చె, చేనులోకి’. కవిత్వంగా ఇది గొప్పదేం కాదు. కానీ నాలుగో ముక్క రెండక్షరాలు కురచ కావడంతో అక్కడ పాట ఒక్కసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆ ఖాళీలో పఖావజ్ మాట్లాడుతుంది. సమానమైన పాదాలకు అలవాటుపడ్డ తెలుగు జానపద వరుసకు ఆ కుంటి పాదం కొత్త మలుపు ఇస్తుంది.

అరువు తెచ్చుకోవడం నామోషీ అనుకునేవాళ్లు తెలంగాణ పాట చరిత్ర చూడాలి. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, యక్షగానం లాంటి పాత రూపాలను తీసుకుని కొత్త మాట నింపాడు. జనానికి వరుస అప్పటికే తెలుసు కాబట్టి పాట ఒక్క రాత్రిలో ఊరు దాటేది. పాత రూపాన్నే నమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. కన్నడ సరిహద్దులోని నారాయణపేట జిల్లా దామరగిద్ద మండలానికి చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ మీద తత్వాలు పాడుతూ బతికారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అరువు తెచ్చినప్పుడు మూలం పేరు చెప్పడం మర్యాద. చెప్పకపోతే దాన్ని దొంగతనమనే అంటారు, అదీ సబబే.

అది అసలు ఆగడమేనా?

కొన్నిసార్లు పై ఉపాయాలేవీ పనిచేయవు. అప్పుడు అనుమానించవలసింది ప్రతిభను కాదు. అమెరికా పియానో కళాకారుడు లియాన్ ఫ్లైషర్ 1960లలో మంచి కీర్తిలో ఉండగా కుడిచేతి వేళ్లు రెండు లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. మరింత సాధన చేస్తే నయమవుతుందనుకుని ఇంకా పాడుచేసుకున్నాడు. అది నరాలకు సంబంధించిన డిస్టోనియా అనే జబ్బు. దశాబ్దాలపాటు ఎడమచేతికి రాసిన సంగీతం వాయించాడు, పాఠాలు చెప్పాడు, చికిత్స తర్వాత మళ్లీ రెండు చేతులా వాయించాడు. హార్మోనియం, తబలా, డప్పు వాయించేవాళ్లలో చేతి నొప్పిని సోమరితనంగా కొట్టిపారేయడం మామూలే. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

కొందరికి చెప్పదలచుకున్నది అయిపోతుంది. ఇటలీకి చెందిన రోసీని 1829లో 37 ఏళ్ల వయసులో తన చివరి ఒపేరా ఇచ్చి ఆ పని చాలించాడు. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు బతికాడు, చిన్న చిన్న రచనలు చేసుకున్నాడు, విందులు పెట్టాడు. ఫిన్లాండ్‌కు చెందిన సిబేలియస్ ఎనిమిదో సింఫనీ రాసి కాల్చేశాడు. ఒకరు హాయిగా ఆపారు, ఇంకొకరు నలిగిపోయి ఆపారు. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే మౌనం.

తేడా తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఒకటుంది. పాట ఒక్కటే రాకపోతే అది సంగీతపు ఇబ్బంది. కొత్త వరుస, కొత్త కట్టుబాటు, కొత్త తోడు వెతుక్కోవాలి. పాటతోపాటు నిద్ర, ఆకలి, మనుషులతో మాట్లాడాలన్న ఇష్టం కూడా పోయి రెండు వారాలు దాటితే అది కళకు సంబంధించిన విషయం కాదు, వైద్యానికి సంబంధించినది. అలాంటి వాళ్లు ఇంట్లోనో మేళంలోనో ఉంటే ‘సాధన చెయ్, అదే వస్తుంది’ అని సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.